బాయికాడ ఒక్క గది, దానికి ఎన్ని కాగితాలు?

జనగామ కండక్టరమ్మ:

అందరికీ నమస్తే. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి 2024లో రిటైరయ్యాను. జనగామ జిల్లాలో మా అమ్మగారి ఊళ్ళో నాకు ఎకరం పన్నెండు గుంటలుంది (ఎకరానికి నలభై గుంటలు). పాసుబుక్కు నా పేరు మీదే ఉంది. ప్రభుత్వం పంచి ఇచ్చిన లావణి పట్టా కాదు, సొంత పట్టానే. ఒక పాత బాయి, ఒక బోరు, గెట్టు మీద నాలుగు వేపచెట్లు, మా నాన్న నాటిన బంగినపల్లి చెట్టు ఒకటి ఉన్నాయి. పత్తి మానేసి సగం కూరగాయలు, సగం కంది వేస్తున్నాను. పొద్దున బస్సెక్కి పోతాను, సాయంత్రం ఆరున్నరకు చివరి బస్సు కోసం చెప్పులు చేతబట్టుకుని ఉరుకుతాను. ఇన్నేళ్ళు అదే బస్సులో నిలబడి, ఉరికొచ్చేవాళ్ళను చూసి "రైట్ రైట్" అన్నదాన్ని. ఆ ఉసురే తగిలినట్టుంది.

అందుకే రాత్రి ఉండడానికి ఒక గది వేసుకుందామనుకుంటున్నాను. ఫాంహౌస్ కాదు, స్విమ్మింగ్ పూల్ కాదు. పన్నెండు పదహారు గది, ముందు ఆరడుగుల వరండా, వెనక ఐదు బై ఏడు బాత్రూం. అంతా కలిపితే 323 చదరపు అడుగులు, అంటే సుమారు 30 చదరపు మీటర్లు. గోడలు ఇటుక, పైన బెంగుళూరు పెంకు. గది కుంట వైపు పడమటి గెట్టు దగ్గర, వేపచెట్ల కింద అనుకున్నాను. ఎండాకాలంలో కూడా అక్కడ గాలి ఆగదు.

ముగ్గురిని అడిగితే మూడు రకాలుగా చెప్పారు. మేస్త్రీ ఏమో, "అక్కా, బాయికాడ కొట్టం వేసుకోవడానికి ఎవరి పర్మిషన్? శ్రావణంలో ముగ్గు పోద్దాం, దసరాకు పాలు పొంగిద్దాం" అన్నాడు. ఆన్‌లైన్ సెంటర్ పిల్లోడేమో మొత్తం ఎకరం పన్నెండు గుంటలూ నాలా చేయించాలన్నాడు, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పించాలట. ఒక ఆఫీసులో అడిగితే తల ఎత్తకుండానే "లేఅవుట్ నంబరు తెండి" అన్నారు. చిక్కుడు తీగకు లేఅవుట్ నంబరు ఎక్కడి నుంచి తేవాలి?

మా తమ్ముడు కూడా మేస్త్రీ మాటే అంటున్నాడు. చిన్న గది, ఎవరు చూస్తారు అని. నాకు అది నచ్చడం లేదు. 2023 డిసెంబరులో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక, సర్వీసు చివరి నెలల్లో నేను కొట్టినవన్నీ జీరో టికెట్లే. "డబ్బులు లేనప్పుడు టికెట్ ఎందుకమ్మా" అని రోజుకు పదిమంది గొడవపడేవారు. పైసలు సున్నా అయినా టికెట్ చేతిలో ఉండాల్సిందే, లేకపోతే చెకింగ్‌లో మీకూ తిప్పలే, నాకూ తిప్పలే అని చెప్పీ చెప్పీ గొంతు పోయింది. ఇప్పుడు నేనే టికెట్ లేకుండా ఇల్లు కట్టాలా?

కాబట్టి "ఎవరూ అడగరు" అని తప్ప ఏదైనా చెప్పండి. నాలా మొత్తానికా, గది వరకేనా? పర్మిషన్ ఇచ్చేది పంచాయతీయేనా? కరెంటు సంగతి ఏమిటి? బోరుకు ఉన్న ఉచిత కరెంటు నుంచే రెండు బల్బులు, ఒక ఫ్యాను లాగొచ్చంటున్నాడు మేస్త్రీ.

వికారాబాద్ రెండెకరాలు:

అక్కా, ఆ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. వద్దు. నేను అదే చేసి చేతులు కాల్చుకున్నాను.

మాది వికారాబాద్ జిల్లా. 2021లో రెండెకరాలు కొన్నాను. లాక్‌డౌన్‌లో అందరికీ పట్టిన పిచ్చే నాకూ పట్టింది. మీ మేస్త్రీ లాంటివాడే నాకూ దొరికాడు. ఏ కాగితం లేకుండా రెండు గదులు, పైన స్లాబు వేశాం. బోరు మోటార్ స్టార్టర్ డబ్బా నుంచి ఒక వైరు లాగి లైట్లు, ఫ్రిజ్, చివరికి ఏసీ కూడా పెట్టాను. ఏడాది పాటు ఎవరూ అడగలేదు. తర్వాత ఒక రోజు తనిఖీకి వచ్చినవాళ్ళు పక్క రైతు ట్రాన్స్‌ఫార్మర్ చూసి, నా ఇంటి వెనక గోడ మీద ఏసీ బయటి డబ్బా చూసి ఆగారు. వ్యవసాయ కనెక్షన్ ఇంటికి వాడితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద లెక్క కడతారు. ఆ వాడకానికి ఏ రేటు వర్తిస్తుందో దానికి రెట్టింపు. వాళ్ళు తప్పు రాశారని నేను అనను, తప్పు నాదే. బిల్లు చూసిన రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

సరే, ఇంటికి వేరే మీటర్ పెట్టించుకుందామని పోతే ఇంటి కాగితాలు అడిగారు. నా దగ్గర ఉన్నది పొలం పాసుబుక్కు. ఇంటి నంబరు కోసం పంచాయతీకి పోతే నాలా ఉందా అన్నారు. నాలాకు పోతే ముందే కట్టేశారు కాబట్టి ఫీజు మీద ఇంకో సగం జరిమానా అన్నారు. 2006 నాటి నాలా చట్టంలోనే ఉంది ఆ 50 శాతం. డబ్బు పెద్దదేం కాదు కానీ, ముందు చేయాల్సిన పనిని వెనక నుంచి చేసుకురావడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. టెన్షన్ వేరే.

మా ఆవిడ ఇప్పటికీ ఆ ఏసీని "లక్ష రూపాయల ఏసీ" అంటుంది. కొన్నది ముప్పై ఆరు వేలకు.

మాజీ సెక్రటరీ:

అమ్మా, నేను పంచాయతీ కార్యదర్శిగా చేసి దిగినవాణ్ణి. మీ జీరో టికెట్ మాట చాలా బాగుంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి ఇదే అర్థం కాదు.

మొదట నాలా. మొత్తం భూమికి అక్కర్లేదు. ఇల్లు వచ్చే చోటు వరకు, చుట్టూ కాస్త ఖాళీతో మార్చుకుంటే చాలు. మిగతాది వ్యవసాయ భూమిగానే పాసుబుక్కులో ఉంటుంది. మొత్తం మార్చేస్తే ప్రభుత్వం పంట పెట్టుబడికి ఇచ్చే రైతు భరోసా పోతుంది, రేపు అమ్మినా పంచినా చిక్కే. ఆన్‌లైన్ సెంటర్ పిల్లలకు దరఖాస్తులో మొత్తం విస్తీర్ణం కొట్టడం తేలిక, అందుకే అలా చెప్తారు. ఇదివరకు ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ ధరణిలో పెట్టేవాళ్ళం, 2025 ఏప్రిల్ నుంచి దాని బదులు వచ్చిన భూభారతిలో పెట్టాలి. జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) బయట ఫీజు ప్రభుత్వ విలువలో 3 శాతం. మార్కెట్ విలువ కాదు, ప్రభుత్వ విలువ. ఊరి లోపల గ్రామకంఠంలో అయితే అసలు ఈ గొడవే లేదు, కానీ మీది పొలం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చెప్తాను, జాగ్రత్తగా చూడండి. చిన్న ఇళ్ళకు పంచాయతీయే అనుమతి ఇచ్చే హద్దు ఒకటుంది. స్థలం 300 చదరపు మీటర్ల లోపు, ఎత్తు 10 మీటర్ల లోపు. దాటితే సాంకేతిక ఆమోదం కోసం ఫైలు పట్టణ ప్రణాళిక వాళ్ళ దగ్గరికి పోయి రావాలి. చాలామంది రౌండు లెక్కన "మూడు గుంటలు" అని నాలా చేయిస్తారు. గుంటకు 121 గజాలు, మూడు గుంటలంటే 363 గజాలు. మీటర్లలోకి మారిస్తే 303 చిల్లర. మూడున్నర మీటర్ల కోసం ఫైలు జిల్లా కేంద్రానికి పోతుంది. నా సర్వీసులో ఇలా ఇరుక్కున్నవాళ్ళను చాలామందిని చూశాను. మీరు రెండున్నర గుంటలు రాయించండి. 253 మీటర్లు వస్తుంది, మీ 30 మీటర్ల గదికి అది బ్రహ్మాండం.

దానికి ముందు మీ ఊరు ఏ పట్టణాభివృద్ధి సంస్థ కిందికైనా వస్తుందేమో కనుక్కోండి. జనగామ జిల్లాలో కొన్ని ఊళ్ళు కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉన్నాయి. వస్తే మాస్టర్ ప్లాన్‌లో మీ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో చూడాలి, దారి వేరే అవుతుంది.

ఇక నన్ను భయపెట్టింది మీ వేపచెట్లు. కుంట వైపు అన్నారు కదా. ఆ కుంట నిండినప్పుడు నీళ్ళు ఎంతవరకు వస్తాయి? మొన్నటి ఎండాకాలంలో చూసి చెప్పకండి, మంచి వానలు పడిన ఏడు ఎక్కడిదాకా వచ్చాయో ఊళ్ళో పెద్దవాళ్ళను అడగండి. ఎఫ్‌టీఎల్ గీత అంటే కుంట పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దు; దాని లోపల ఏమీ కట్టకూడదు, పట్టా మీదైనా సరే. గీత బయట కూడా బఫర్ ఉంటుంది, అంటే కట్టకుండా వదలాల్సిన జాగా. పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువైతే 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటైతే 9 మీటర్లు. గాలి కోసం ఆశపడి అక్కడ పునాది తీస్తే, కాగితాలన్నీ ఉన్నా కట్టడం నిలవదు.

ఇంకొకటి, దారి. మీ పొలానికి బండ్లబాట ఊరి నక్షాలో (సర్వే పటంలో) ఉందా, లేక వాడుకలో నడుస్తున్నదేనా? రెండూ ఒకటి కావు.

ఇంటి పన్ను రసీదు చూపించి "ఇదిగో పర్మిషన్" అనేవాళ్ళ మాట నమ్మకండి. అనుమతి లేని ఇంటికి కూడా పన్ను వేస్తాం. పన్ను వేసినంత మాత్రాన అక్రమం సక్రమం కాదు.

బ్రో నంబర్ 9:

ఇంత కష్టం ఎందుకు ఆంటీ. కంటైనర్ హౌస్ తెప్పించుకోండి. లారీ మీద వస్తుంది, క్రేన్‌తో దింపుతారు, పునాది లేదు కాబట్టి పర్మిషన్ లేదు. మా ఫ్రెండ్ శంకర్‌పల్లి దగ్గర పెట్టాడు, సూపర్ ఉంది.

మాజీ సెక్రటరీ:

బాబూ, పంచాయతీ చట్టంలో "భవనం" అంటే ఇటుక, సిమెంటు అని లేదు. కట్టె, మట్టి, లోహం, ఏ వస్తువుతో కట్టినా భవనమే. పశువుల కొట్టాన్ని ఎవరూ ఇల్లు అనరు. మంచం, పొయ్యి, బాత్రూం పెట్టి మనిషి ఉంటున్నాడంటే అది ఇల్లే, దాని కింద చక్రాలున్నా సరే. మీ ఫ్రెండ్‌ను ఇంకా ఎవరూ అడగలేదు, అంతే. పైన వికారాబాద్ ఆయన్ను కూడా ఏడాది ఎవరూ అడగలేదు.

వికారాబాద్ రెండెకరాలు:

కంటైనర్ మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు చూడు తమ్ముడూ. అందులో రొట్టె కాల్చుకోవచ్చు.

ఏలూరు వైపు:

అమ్మా, ఇది మీకు కాదు, ఇక్కడ చదివే ఆంధ్రావాళ్ళకు. మా వైపు నాలా చట్టాన్నే 2025లో ఎత్తేశారు. అంటే ఊరికే కట్టుకోవచ్చని కాదు. ప్లాను అనుమతి తీసుకునేటప్పుడు అభివృద్ధి రుసుము రూపంలో కట్టాలి. తెలంగాణలో చెప్పినది ఇక్కడ, ఇక్కడ చెప్పినది అక్కడ పెట్టి సచివాలయానికి పోయి వాదించకండి. మా బావ ఆ పని చేసి నవ్వులపాలయ్యాడు.

జనగామ కండక్టరమ్మ:

నాలుగు నెలలైంది. అందరికీ పేరుపేరునా దండాలు. ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదని రాస్తున్నాను.

ముందు కుంట సంగతి. సెక్రటరీ సార్ చెప్పినట్టు మా పెద్దమ్మను అడిగాను. ఎనభై రెండేళ్ళు ఆమెకు. "నీళ్ళు ఎంతవరకు వచ్చేవి పెద్దమ్మా" అంటే, "నీ రెండో వేపచెట్టు మొదట్లో మీ అమ్మ, నేను బట్టలు ఉతికినం కదనే" అంది. నా గది కింద పునాది అక్కడే తీద్దామనుకున్నాను! మరుసటి వారం కొలతల తాడు పట్టుకుని పోయాం. కుంట హద్దుకు ఇరిగేషన్ వాళ్ళు పాతిన రాయి ఒకటి తుప్పల్లో దొరికింది, సున్నం పోయి ఉంది. పెద్దమ్మ చెప్పిన చోటికి, ఆ రాయికి తేడా నాలుగు అడుగులు. అంతే. ఆ రాయి నుంచి తొమ్మిది మీటర్లు కొలిస్తే నాలుగు వేపచెట్లలో మూడు అటే పోయాయి. గాలి గది ఆశ అక్కడితో పోయింది. ఇప్పుడు గది తూర్పున, మామిడి చెట్టుకు ఇవతల. కుంట నుంచి ఇంకో అరవై మీటర్లు ఎడంగా వచ్చింది. వేపచెట్ల కింద ఒక నులకమంచం వేసుకుంటాను, దానికి పర్మిషన్ అడగరనుకుంటాను.

దారి గురించి సార్ ఎందుకు అడిగారో నక్షా తీయించాక అర్థమైంది. మేము నలభై ఏళ్ళుగా నడిచేది మా బాబాయి కొడుకు పొలం లోంచి, ఉత్తరపు గెట్టు మీద. నక్షాలో రెండు చుక్కల గీతలతో బండ్లబాట దక్షిణపు గెట్టు మీద ఉంది. దాన్ని ఇద్దరు రైతులు ఎప్పుడో దున్ని కలిపేసుకున్నారు. గొడవ పెట్టుకోలేదు. ఒకాయన మా బస్సులో రోజూ జనగామకు పాలు తెచ్చేవాడు, క్యాన్లకు లగేజీ టికెట్ వద్దని నాతో తగువు పడేవాడు కాదు, తనే అడిగి తీసుకునేవాడు. ఆయనే ముందు కంది కోత అయ్యాక బాట వదిలాడు. రెండో ఆయన ఆయన్ను చూసి వదిలాడు. సర్వేయర్‌ను పిలిపించి రాళ్ళు పాతించాం.

నాలా రెండున్నర గుంటలకే చేయించాను. ఆన్‌లైన్ సెంటర్ పిల్లోడు మళ్ళీ మొత్తం కొట్టబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. టికెట్లు కొట్టే టిమ్ మిషన్ మీద వేళ్ళు అరిగినదాన్ని, స్క్రీన్ మీద ఏ గడిలో ఏం పడుతుందో చూడకుండా ఉంటానా. మా ఊళ్ళో ఎకరం ప్రభుత్వ విలువ 4,80,000. రెండున్నర గుంటలంటే ఎకరంలో పదహారో వంతు, అంటే 30,000. దాని మీద 3 శాతం, 900 రూపాయలు. ఎకరం పన్నెండు గుంటలకూ కట్టి ఉంటే 18,720 అయ్యేది. రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000 కదా, ఆ రెండున్నర గుంటలకు నాకు పోయేది 750. మా తమ్ముడికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. అప్పటి నుంచి మాట్లాడటం లేదు. ఓడిపోయినప్పుడు అంతే వాడు.

పంచాయతీలో మాత్రం మూడుసార్లు తిరిగాను. మొదటిసారి ప్లానులో సెప్టిక్ ట్యాంకు చూపలేదన్నారు, అది న్యాయమే. ప్లాను గీసిన అబ్బాయి దాన్ని బాయికి ఎగువన పెట్టాడు, నేనే కిందికి మార్పించాను. రెండోసారి పోతే మనిషి లేరు. మూడోసారి స్థలం చూడ్డానికి వచ్చారు. టేపు ఒక చివర నేను పట్టుకున్నాను, గెట్టు నుంచి ఎంత వదిలామో నాలుగు వైపులా కొలిచి రాసుకున్నారు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కాగితం చేతికొచ్చేవరకు నెలా పదకొండు రోజులు. తిరగడానికి బస్సు చార్జీ సున్నా. ప్రతిసారీ జీరో టికెట్ అడిగి తీసుకున్నాను. కండక్టర్ పిల్ల నన్ను గుర్తుపట్టి "మీకెందుకు మేడం" అంటే, కొట్టమ్మా కొట్టు అన్నాను.

కరెంటుకు ఇంటి మీటరే పెట్టుకున్నాను. స్తంభం నుంచి దూరం కాబట్టి లైను ఖర్చు నా మీదే పడింది, మొత్తం పనిలో నాకు నొప్పి అనిపించింది అదొక్కటే. వికారాబాద్ అన్నా, మీ లక్ష రూపాయల ఏసీ గుర్తొచ్చి నోరు మూసుకుని కట్టాను.

బేస్మెంటు అయింది, గోడలు లింటెల్ దాకా వచ్చాయి. మేస్త్రీ అదే మనిషి. పర్మిషన్ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి సిమెంటు బస్తాల దగ్గర వేలాడదీశాను. వచ్చినవాళ్ళందరికీ వాడే చూపిస్తున్నాడు, తనే తెచ్చినట్టు.

ఇప్పుడు ఒకటే అవసరం ఉంది. పాత బెంగుళూరు పెంకులు సుమారు తొమ్మిది వందలు కావాలి, పగలనివి. పాత ఇళ్ళు కూల్చేచోట దొరుకుతాయంటున్నారు. జనగామ, ఆలేరు, స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల ఎవరికైనా తెలిస్తే చెప్పండి. వానలు మొదలయ్యేలోపు కప్పు పడాలి.

వికారాబాద్ రెండెకరాలు:

అక్కా, ఆలేరు దగ్గర పాత బడి ఒకటి విప్పుతున్నారని మా బామ్మర్ది అన్నాడు. రేపు కనుక్కుని ఇక్కడే రాస్తాను. పెంకు తీసుకునేటప్పుడు వేలితో కొట్టి చూడండి, ఖంగుమనాలి. మొద్దుగా మోగితే పగులు ఉన్నట్టు.